రంగు ఎక్కడికి పోయింది?

బాలలూ! తిరుపూరు పేరు మీలో కొందరు విని ఉండకపోవచ్చు. కాని ఆ ఊళ్లో తయారైన బట్టను మీలో చాలామంది ఒంటిమీద వేసుకుని తిరుగుతూనే ఉన్నారు. బనియన్లకూ, టీషర్టులకూ తిరుపూరు పెట్టింది పేరు. మన దేశం నుంచి విదేశాలకు పోయే అల్లిక బట్టలలో సగానికి పైగా అక్కడివే. ఆ ఊరు తమిళనాడులో, కోయంబత్తూరుకు తూర్పున సుమారు 50 కిలోమీటర్ల దూరాన, నొయ్యల్ అనే నది ఒడ్డున ఉన్నది.

కొత్త ఎర్రచొక్కాను మొదటిసారి ఉతికితే బకెట్టులో నీరు ఎర్రబడటం మీరు చూచే ఉంటారు. ఒక్క చొక్కా నుంచే అంత రంగు దిగితే, లక్షల చొక్కాలకు రంగు వేసే ఊళ్లో ఆ రంగునీరంతా ఎక్కడికి పోతుంది? ఈ ప్రశ్నను పట్టుకుని నేను నొయ్యల్ వెంట వారం రోజులు తిరిగాను. అక్కడ చూచినవీ, తెలిసికొన్నవీ మీకు చెబుతాను.

ఏ నదినైనా అది పుట్టినచోటి నుంచి చూచుకుంటూ రావటం మంచిది. అందుచేత నేను రైలులో తిరుపూరు దాటి, నేరుగా కోయంబత్తూరు పోయి దిగాను. ఆ నగరానికి పడమటగా వెళ్లియంగిరి కొండలున్నవి. అవి పడమటి కనుమలలో ఒక భాగం. ఆ కొండలమీద కురిసిన వాన చిన్నచిన్న వాగులై దిగివచ్చి, అన్నీ కలిసి నొయ్యల్ అవుతుంది. కొండల అడుగున ఆ నీరు ఎంత తేటగా ఉన్నదంటే, మోకాలి లోతున ఉన్న గులకరాళ్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టవచ్చు.

నొయ్యల్ పెద్ద నది కాదు. సంవత్సరం పొడుగునా పారే నదీ కాదు. వానలు పడినప్పుడు నిండుగా వచ్చి, ఎండలు ముదిరితే సన్నగిల్లుతుంది. అందుకే పూర్వం రాజులు ఆ నీటిని అడ్డగించి, దాని పొడుగునా గొలుసు చెరువులు కట్టించారు. ఒక చెరువు నిండి, అలుగు పారి, తరువాతి చెరువును నింపేది. పేరూరు గుడి ముందుగా, కోయంబత్తూరు నగరం పక్కగా సాగి, నది తూర్పుకు పోతుంది. నగరం దాటేసరికి ఊరి మురుగు కొంత దానిలో కలుస్తుంది. తరువాత తిరుపూరు వస్తుంది. ఆపైన కరూరు జిల్లాలో నొయ్యల్ అనే పేరుగల గ్రామం దగ్గరనే అది కావేరిలో కలుస్తుంది.

ఈ ప్రాంతంలో మనకు భాష తెలియదన్న బెంగ అంతగా ఉండదు. విజయనగర రాజుల కాలం నుంచీ ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం ఉన్నవి. వారి తెలుగులో తమిళపు యాస ఉంటుంది. వినటానికి ఇంపుగానే ఉంటుంది.

తిరుపూరులో వీధి వీధికీ ఒక కార్ఖానా ఉన్నది. ఒకచోట దారాన్ని బట్టగా అల్లుతారు, ఇంకొకచోట కత్తిరిస్తారు, మరొకచోట కుడతారు. నేను చూడబోయినది రంగులు వేసే కార్ఖానా. అక్కడి మేస్త్రీ పని ఆపకుండానే నాకు అన్నీ ఓపికగా చెప్పాడు.

నూలుబట్టను ముందు ఉడికించి, తెల్లగా చేస్తారు. తరువాత పెద్ద ఉక్కు పాత్రలో వేడినీరు, రంగు, ఉప్పు వేసి బట్టను తిప్పుతారు. చివరకు చాకలిసోడా వంటి క్షారం వేస్తారు. అప్పుడు రంగు నూలుపోగును గట్టిగా పట్టుకుంటుంది.

"రంగుకు సోడా అంటే సరే, ఉప్పు ఎందుకయ్యా?" అని అడిగాను.

"ఉప్పు లేకపోతే రంగు బట్ట దగ్గరికే రాదు సార్" అన్నాడు మేస్త్రీ.

అతను చెప్పినది నిజం. దీనికి కారణం మీ సైన్సు పుస్తకంలోనే ఉన్నది. రెండు అయస్కాంతాల ఉత్తర ధ్రువాలను దగ్గరకు తెస్తే అవి ఒకదానినొకటి నెట్టివేస్తవి గదా? విద్యుత్తులోనూ అంతే. నీటిలో తడిసిన నూలుపోగు మీద కొద్దిగా ఋణవిద్యుత్తు ఉంటుంది. తిరుపూరులో ఎక్కువగా వాడే రంగుల మీదా ఋణవిద్యుత్తే ఉంటుంది. రెండూ ఒకే జాతి గనక దూరదూరంగా జరుగుతవి. ఉప్పు వేస్తే ఆ వైరం చల్లబడి, రంగు బట్టను చేరుతుంది. ముదురు రంగులు వేయాలంటే లీటరు నీటికి 50 గ్రాములకు పైగా ఉప్పు వేయటం కద్దు.

ఇంతచేసినా రంగు అంతా బట్టను పట్టదు. నూరు పాళ్లలో 10 పాళ్ల నుంచి ఒక్కొక్కప్పుడు 30, 40 పాళ్ల దాకా నీటిలోనే మిగిలిపోతుంది. ఇక ఉప్పు అయితే బట్టలో ఏమాత్రమూ ఉండదు, మొత్తం నీటిలోనే ఉంటుంది. ఈ రెండు మాటలూ గుర్తుపెట్టుకోండి. మన కథంతా వీటిమీదనే నడుస్తుంది.

చాలా సంవత్సరాలపాటు ఈ నీరు నొయ్యల్‌లోకి పోయింది. దాని ఫలితం ఏమిటో చూడాలంటే తిరుపూరు నుంచి ఇంకా కిందికి, ఒరత్తుపాళయం పోవాలి. చెన్నిమలై అనే ఊరికి సమీపాన, నొయ్యల్‌కు అడ్డంగా అక్కడ ఒక ఆనకట్ట ఉన్నది. పొలాలకు నీరివ్వటానికి దానిని 1992లో కట్టారు. ఆ ఆయకట్టులోనే తెలుగు మాట్లాడే ఒక ముసలి రైతు నన్ను తన పొలానికి తీసుకుపోయాడు.

"ఆనకట్ట పూర్తయిన నాడు మా ఊరంతా పండగ చేసుకున్నామండీ" అన్నాడాయన. "కొన్నేళ్లు తిరిగేసరికి, తలుపులు ఎత్తవద్దు, ఆ నీళ్లు మాకు వదలవద్దు అని మేమే పోయి మొరపెట్టుకున్నాము."

నీళ్లు కావాలని రైతులు అర్జీలు పెట్టుకోవటం నాకు తెలుసు. నీళ్లు వద్దని అర్జీ పెట్టుకున్న రైతును నేను చూడటం అదే మొదలు.

ఆయన గట్టు మీద కూర్చుని పిడికెడు మట్టి తీసి నా చేతిలో పోశాడు. మట్టిబెడ్డల మీద తెల్లగా పొరకట్టి ఉన్నది. అది ఉప్పు. పొలంలో పారిన నీరు ఎండకు ఆవిరి కాగా, ఉప్పు నేలలోనే ఉండిపోయింది. ఆవకాయ పెట్టేటప్పుడు మామిడిముక్కలకు ఉప్పు కలిపితే ముక్కలలోని నీరు బయటికి ఊరుతుందని మీ అమ్మనడిగితే చెబుతుంది. ఉప్పుమట్టిలో ఉన్న వేరు గతీ అంతే. చుట్టూ నీరున్నా అది తాగలేదు. తడిలో నిలబడి దాహంతో ఎండిపోతుంది.

నదిలోని ప్రాణులకు వచ్చిన కష్టం వేరొకటి. నీరు ముదురు రంగుగా ఉంటే సూర్యకాంతి లోపలికి పోదు. కాంతి లేకపోతే నీటిమొక్కలు ఆహారం తయారుచేసుకోలేవు, ప్రాణవాయువును విడువలేవు. ప్రాణవాయువు తగ్గితే చేపలు బతకవు. కొన్ని జాతుల రంగులైతే నీటిలో విరిగిపోయి, అసలు రంగుకన్న ఎక్కువ విషమైన పదార్థాలుగా మారుతవి.

రైతులు న్యాయస్థానానికి పోయారు. తగాదా చాలా సంవత్సరాలు నడిచింది. చివరకు 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు తిరుపూరులోని రంగు కార్ఖానాలను మూసివేయవలసిందని ఉత్తరువు చేసింది. సుమారు 700 కార్ఖానాలు ఒక్కసారిగా మూతపడ్డవి. నదికి కాస్త ఊపిరి ఆడింది. కాని వేలకొద్దీ కూలీలకు పని పోయింది. నాతో మాట్లాడిన మేస్త్రీ కూడా ఆ రోజులలో పని లేక సొంత ఊరికి వెళ్లిపోయి, కొన్ని నెలల తరువాత తిరిగివచ్చినవాడే. చూచారా పిల్లలూ! అటు రైతు బతకాలి, ఇటు పనివాడూ బతకాలి. ఇద్దరూ బతకాలంటే నీటిలోని రంగును ఎట్లాగైనా తీసివేయాలి.

తీసివేయటం అనుకున్నంత తేలికా? మన పల్లెలలో వెనుక బురదనీటిని తేర్చటానికి కుండ లోపల చిల్లగింజను అరగదీసేవారు. దీనినే ఇండుపగింజ అని కూడా అంటారు. మట్టిరేణువులు ఒకదానికొకటి అంటుకుని బరువెక్కి, అడుగున పేరుకునేవి. పైన తేటనీరు మిగిలేది. కాని రంగు మట్టివంటిది కాదు. అది పంచదార మాదిరిగా నీటిలో పూర్తిగా కరిగిపోయి ఉంటుంది. రాత్రంతా ఉంచినా అడుగుకు దిగదు, గుడ్డలో వడకట్టినా ఆగదు. కరిగిన దానిని పట్టాలంటే మరొక ఉపాయం కావాలి.

ఆ ఉపాయాన్ని చూడటానికి నేను తిరిగి కోయంబత్తూరు వచ్చాను. ఆ నగరానికి దక్షిణాన పొల్లాచి అనే పట్టణం ఉన్నది. మన కోనసీమ మాదిరిగానే ఆ ప్రాంతమంతా కొబ్బరితోటలు. కొబ్బరిడొక్క నుంచి పీచు తీసి తాళ్లు, పట్టాలు చేస్తారు. పీచు తీయగా గోధుమరంగు పొట్టు కుప్పలు కుప్పలుగా రాలుతుంది. వెనుకటి రోజులలో ఈ పొట్టును ఏం చేయాలో తోచక రోడ్ల పక్కన పోసేవారు. ఇప్పుడు మొక్కలు పెంచేవారు కొంత కొంటున్నారు. మన కడియం నర్సరీలలోనూ మీరు దీనిని చూడవచ్చు.

కోయంబత్తూరులోని భారతియార్ విశ్వవిద్యాలయంలో శాస్త్రజ్ఞులు 1990 తరువాతి కాలంలో ఇటువంటి పారవేసే వస్తువులనే తీసుకుని, అవి రంగునీటిలో ఏం చేస్తవో పరీక్షించారు. అరటిదూట, నారింజతొక్క, కొబ్బరిపొట్టు, వీటన్నిటినీ చూచారు. మరికొన్ని చోట్ల ఊక, చెరుకుపిప్పి, వేరుశనగ తొక్క, రంపపుపొట్టు, వేపాకు కూడా పరీక్షకు వచ్చినవి. కొన్ని రంగులను ఇవి చక్కగా పట్టుకుంటవని తేలింది.

అక్కడి ఒక పాఠశాలలో సైన్సు ఉపాధ్యాయురాలు ఈ పరీక్షనే పిల్లల చేత చేయిస్తుంటే నేను కూర్చుని చూచాను. ముందుగా కొబ్బరిపొట్టును గోరువెచ్చని నీటిలో నాలుగైదుసార్లు కడిగారు. లేకపోతే పొట్టులోని సొంత గోధుమరంగే నీటిలో దిగుతుంది. కడిగినదానిని ఎండబెట్టారు. ఒక లీటరు నీటిలో మిథిలీన్ బ్లూ అనే నీలిరంగును కొద్ది చుక్కలు కలిపి, రెండు గాజుగ్లాసులలో పోశారు. ఒక దానిలో రెండు చెంచాల పొట్టు వేసి, కలియబెడుతూ వచ్చారు. రెండవ దానిలో ఏమీ వేయక, పోల్చి చూడటానికి అట్లాగే ఉంచారు. గంట తరువాత మొదటి గ్లాసును వడకట్టితే నీలం దాదాపు పూర్తిగా పోయి, నీరు తేటగా ఉన్నది. రెండవది ఎట్లా ఉన్నది అట్లాగే ఉన్నది.

పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. వెనుక బల్లమీద కూర్చున్న ఒక చిన్నపిల్ల మాత్రం లేచి, "టీచర్, రంగు ఎక్కడికి పోయింది?" అని అడిగింది. నేను నలభై ఏళ్లకు దగ్గరగా పాఠాలు చెప్పాను. అంత మంచి ప్రశ్న వినటం అరుదు.

రంగు మాయం కాలేదు. అది పొట్టు మీదికి చేరింది. స్పంజి నీటిని లోపలికి పీల్చుకుంటుంది, దానిని శోషణం అంటారు. ఇక్కడ జరిగినది అది కాదు. తేనెపట్టును ఈగలు ముసిరినట్లు రంగు అణువులు పొట్టురేణువుల పైపొరను ముసిరి అంటుకున్నవి. దీనిని అధిశోషణం అంటారు. మిథిలీన్ బ్లూ మీద ధనవిద్యుత్తు ఉంటుంది, పొట్టు మీద ఋణవిద్యుత్తు ఉంటుంది. విజాతులు ఆకర్షించుకుంటవి గనక పని సులువైంది.

అంటుకునే పని పైపొర మీద జరుగుతుంది గనక, పైపొర ఎంత ఎక్కువ ఉంటే అంత రంగు పడుతుంది. ఈ పనిలో బొగ్గును మించినది లేదు. బొగ్గు కొన్ని ద్రావణాలలోని రంగును విరిచివేస్తుందని 1785లో రష్యాలో లోవిట్జ్ అనే శాస్త్రజ్ఞుడు గమనించాడు. కొబ్బరిచిప్పలను గాలి తగలకుండా కాల్చి, ఆ బొగ్గును మళ్లీ ఆవిరితో బాగా వేడిచేస్తే దాని నిండా కంటికి కనబడని సన్నని రంధ్రాలు పడతవి. దానిని ఉత్తేజిత కర్బనం అంటారు. అటువంటి బొగ్గు ఒక్క గ్రాము తీసుకుని, దాని రంధ్రాల గోడలన్నీ విప్పి పరచగలిగితే సుమారు వెయ్యి చదరపు మీటర్లు, అంటే పావు ఎకరం నేల ఆక్రమిస్తుంది! ఇళ్లలో నీటిని శుభ్రపరచే ఫిల్టర్లలో తరచుగా ఉండేది ఈ బొగ్గే.

"అయితే తిరుపూరు రంగునీటిలో బండ్లకొద్దీ పొట్టు పోస్తే సరిపోతుంది గదా!" అని మీరనవచ్చు. నేనూ ఆ మాటే ఆ ఉపాధ్యాయురాలితో అన్నాను. ఆమె నవ్వి, మూడు చిక్కులు చెప్పింది.

మొదటిది: తిరుపూరు రంగు ఋణవిద్యుత్తు గలది. నూలూ, కొబ్బరిపొట్టూ ఒక విధంగా అన్నదమ్ములు, రెండింటిలోనూ సెల్యులోజు ఉన్నది. ఉప్పు మధ్యవర్తిత్వం లేనిదే నూలు రానివ్వని రంగును పొట్టు మాత్రం సులువుగా ఎందుకు రానిస్తుంది? అందుచేత పచ్చిపొట్టు అటువంటి రంగును బాగా పట్టదు. పొట్టును ముందుగా మందులతో శుద్ధిచేయాలి, లేదా బొగ్గుగా మార్చాలి. దానికి ఖర్చున్నది.

రెండవది ఉప్పు. దీనిని చూపటానికి పిల్లలు ఇంకొక గ్లాసులో నీలినీటికి రెండు చెంచాల ఉప్పు కలిపి, పొట్టుతో రంగు తీశారు. తేటపడిన నీటిని నాలుగు చుక్కలు ఒక నల్లని పలక మీద వేసి ఎండలో పెట్టారు. చుక్కలు ఆరిపోగానే పలక మీద తెల్లని మచ్చలు మిగిలినవి. రంగు పోయింది, ఉప్పు పోలేదు! ఒరత్తుపాళయం రైతు నా చేతిలో పోసిన మట్టి వెంటనే నాకు జ్ఞాపకం వచ్చింది. తేటగా కనబడిన నీరంతా మంచినీరు కాదు.

మూడవది ఆ చిన్నపిల్ల అడిగిన ప్రశ్నే. నీలిరంగు పట్టిన పొట్టును కాస్త వెనిగర్ కలిపిన మంచినీటిలో వేస్తే, నీటిలోకి మళ్లీ నీలం దిగింది. కనుక రంగు పట్టిన పొట్టును ఏ కాలువ గట్టునో పోస్తే, మనం పట్టుకున్న దొంగను మనమే విడిచిపెట్టినట్లు. దానిని తగిన కొలిమిలో కాల్చివేయాలి, లేదా నీరు దిగని గోతిలో భద్రంగా ఉంచాలి.

మరి తిరుపూరువారు ఏం చేశారు? మూసిన కార్ఖానాలు తిరిగి తెరవాలంటే ఒక్క చుక్క మురికినీరు కూడా బయటికి విడువరాదన్నది షరతు. ఇప్పుడు అనేక కార్ఖానాలు కలిసి ఉమ్మడిగా శుద్ధి కేంద్రాలు నడుపుతున్నవి. మొదట సూక్ష్మజీవుల చేత మురికిని తినిపిస్తారు. తరువాత చాలా సన్నని పొరల గుండా నీటిని గట్టిగా నెట్టి, ఉప్పునూ మిగిలిన రంగునూ వేరుచేస్తారు. మిగిలిన చిక్కని ద్రవాన్ని మరిగించి ఉప్పు తీస్తారు. నూటికి 90 పాళ్లకు పైగా నీరు తిరిగి కార్ఖానాకే పోతుంది. ఉప్పులో చాలా భాగాన్నీ మళ్లీ రంగుపాత్రలో వాడుకుంటారు. ఇది చాలా కరెంటు, చాలా డబ్బు తినే పని. చివరకు మిగిలే బురదను దాచటం ఇంకా చిక్కుగానే ఉన్నది. దొంగచాటుగా రంగునీరు విడిచేవారు ఇప్పటికీ అప్పుడప్పుడు పట్టుబడుతూనే ఉన్నారు. పాడైన నేల ఒక్క ఏడాదిలో బాగుపడదు. అయినా మా మేస్త్రీ పని చేస్తున్నాడు, నదిలోకి వెనుకటి మాదిరిగా రంగు పారటం లేదు. ఈ రెండూ ఒకేసారి జరగవచ్చునని తిరుపూరు చూపింది.

మరి పొట్టు పనికిరానిదా? ఎంతమాత్రమూ కాదు. పెద్ద యంత్రాలు పెట్టుకోలేని చిన్న అద్దకంవారికి, తగిన రంగు తగిన పొట్టుతో జతపడినచోట, అది చవకైన సాయం. ఏ రంగుకు ఏ పొట్టు సరిపడుతుందో, వాడిన పొట్టును ఏం చేయాలో ఇప్పటికీ శాస్త్రజ్ఞులు పరిశోధిస్తూనే ఉన్నారు. రేపు మీలో ఎవరైనా ఆ పని చేయవచ్చు.

ఇప్పటికి మీరు కోయంబత్తూరు పిల్లలు చేసిన పరీక్షను మీ బడిలో చేసి చూడండి. మిథిలీన్ బ్లూ మీ ప్రయోగశాలలో ఉండవచ్చు. మీ మాస్టారు దగ్గర లేకుండా మాత్రం చేయవద్దు. చేతులకు తొడుగులు వేసుకోండి. నీరు ఎంత తేటపడినా సరే, నాలుకకు తగిలించవద్దు. మీ ఊళ్లో కొబ్బరిపొట్టు దొరకకపోతే ఊకతోనో, రంపపుపొట్టుతోనో, వేరుశనగ తొక్కల పొడితోనో చేయండి. ఏది ఎంతసేపటిలో ఎంత రంగు పట్టినదో నోటుపుస్తకంలో వ్రాసుకోండి.

అంతా అయిన తరువాత నీలిరంగు పొట్టు ఒక గుప్పెడు మీ చేతిలో మిగులుతుంది. దానిని పారవేసే ముందు ఎక్కడ వేయాలో అందరూ కూర్చుని ఆలోచించండి. మీ పరీక్షలో అన్నిటికన్న కష్టమైన భాగం అదే.